కాగుబుగ్గ దరికాపు

శరత్కాలప్రభాతము. వర్షర్తువంతయుఁ గలఁకనీటితో నొడ్డు లొరసికొని ప్రవహించిన గోదావరి తేటపడి సన్నగిల్లి యిసుకతిన్నెలను బయలుపఱచి రెల్లుపూవుల తెల్లఁదనమును దనయందుఁ బ్రతిఫలింపఁజేసికొనుచు మందమందముగా సాగుచుండఁగా, ఆ నదికిఁ గ్రోశద్వయదూరమునఁ గొండల నడుమ నొదిఁగియున్న కాగుబుగ్గ యను పురాతనపట్టణము నిత్యోష్ణోదకకుండసప్తకమునుండి వెలువడు నావిరులచేఁ గప్పఁబడి యిండ్లకప్పులను నాలయశిఖరమును మాత్రము పైకిఁ గనఁబఱచుచు మేఘములమీఁదఁ గట్టిన యూరో యని క్రొత్తగా వచ్చినవారికి భ్రాంతి పుట్టించుచుండెను.

ఆ కుండము లేడును గొండనడుమునుండి క్రిందివఱకు మెట్లుమెట్లుగాఁ దొలిచిన ఱాతికట్టడములు. వానిని గట్టించిన ప్రభువెవ్వరో తెలుపు శాసనము జనుల పాదములక్రింద నరిగి నున్ననై యిప్పుడు బట్టలుదుకుకొను బండగా నుపయోగపడుచున్నది. కొండగర్భమునుండి సలసలఁ గాఁగుచు నుబుకు నీరు మొదట నగ్నిగుండ మను పైకుండమునఁ బడును. అందు గుడ్డలో బియ్యము మూటగట్టి వ్రేలాడఁదీసినచో గడియలో నన్నమగును. అచ్చటనుండి యొక్కొక్క కుండమునకు దిగినకొలఁది వేఁడి తగ్గి యేడవదానియందుఁ బసిబిడ్డలకు సయితము నీళ్ళుపోయవచ్చును. కీళ్ళు పట్టినవారును బక్షవాతమునఁ జేయి పడినవారును జర్మరోగములచేఁ బీడితులైనవారును బండ్లు కట్టించుకొని వంటసామగ్రితోడను బంధువులతోడను వచ్చి మండలకాలము నిలిచి పోవుదురు. ఆ యూరికి నొంటిగా వచ్చువారు మాత్రము మిక్కిలి యరుదు.

అట్టి యూరికి నాశ్వయుజ బహుళపంచమినాఁటి యుదయమున నొంటెద్దుబండిలో నొక్కఁడే వచ్చి సత్రము ముంగిట దిగిన పెద్దమనుష్యుఁడు అచ్యుతరామయ్యపంతులు. ముప్పదియేండ్లు జిల్లాకోర్టున శిరస్తాదారుగాఁ బనిచేసి పింఛను పుచ్చుకొనుచున్న యేఁబదియెనిమిదేండ్లవాఁడు. ఆయనకు లోకమున నమ్మఁదగినవి రెండే వస్తువులు. మొలకుఁ గట్టిన తాళపుచెవి యొకటి, చేతిలోని గొడుగొకటి. గొడుగునైనను వానకాలమునఁ గొంచెము శంకించుచుండెను. ప్రమాణము చేసి యబద్ధమాడిన సాక్షులను ముప్పదియేండ్లు వినివిని, ప్రమాణము చేయనివారు మఱింత యబద్ధమాడుదురని నిశ్చయించుకొన్న మహానుభావుఁడు. మజ్జిగ పలుచనయైనచోఁ బాలేరును విడిచి యావునే నిలదీయఁజూచువాఁడని బంధువులు చాటున నవ్వుకొనెడివారు. వారు చాటున నవ్వుచున్నారని యాయనకుఁ దెలియును. వారిని నమ్మకుండుటకు నదియు నొక కారణమయ్యెను.

ఇంటిలో నవ్వినవారు లేరు. ఆయన ధర్మపత్ని వర్ధనమ్మ, ఊరగాయజాడిలో మట్టమునకు బొగ్గుతో గీఁత గీచి కోర్టునకుఁ బోవు భర్తను, పుట్టినింటినుండి వచ్చిన జాబును దీపమున కడ్డముగాఁ బట్టి చూచి పిదప నిచ్చు భర్తను, పేరంటమునుండి వచ్చినంతనే యెవరెవరు వచ్చిరి యేమేమి పలికిరి యని వరుసగా నడిగి మఱునాఁడు మరల నడిగి యా రెండుత్తరములను సరిపోల్చు భర్తను ఇరువదియేడేండ్లు సహించెను. తుదకు మూఁడేండ్లక్రిందట దల్లి యవసానదశలో నున్నదని పిఠాపురమున కేగి, ఆ తల్లి పోయినపిదప మరలివచ్చి గుమ్మమునఁ గాలిడఁబోవుచున్న యామెను నిలిపి, అన్నగా రేమేమి యిచ్చి పంపెనో చూడవలెను పెట్టె తెఱువుమని యాయన వీధిలోనే యాజ్ఞాపించెను. ఆమె తెఱచెను. అందుఁ దల్లి కట్టి విడిచిన నేఁతచీర యొక్కటి యుండెను. వర్ధనమ్మ యొక్కమాటయైనఁ బలుకక పెట్టె మూసి వచ్చిన బండిలోనే తిరిగి యెక్కిపోయెను. అప్పుడు పంతులుగారికిఁ గలిగిన మొదటి యాలోచన సిగ్గు కాదు. ఆ చీరమడతలు విప్పి చూడకపోతినే యను చింత.

అయినను మూఁడేండ్లలో నా యింటి నిశ్శబ్దము తాళఁజాలనిదయ్యెను. ఆయన యామెను బ్రేమించెను. ఈ సంగతి యాయనకుఁ దెలియును; ఆమెకే యెన్నఁడును దెలియనీయలేదు.

ఈ యాశ్వయుజారంభమున నామెయొద్దనుండి జాబు వచ్చెను. అందుఁ గుశలప్రశ్నలు లేవు. 'అన్నయ్య కార్తీక శుద్ధైకాదశినాఁడు సకుటుంబముగాఁ గాశీనివాసమునకై బయలుదేఱుచున్నాఁడు. నన్నును రమ్మనుచున్నాఁడు. పోయినచో మరల రాను. ఇఁకమీఁద నన్నేమియు నడుగనని మీరొక్క మాట వ్రాసినచో మన యింటికి వచ్చెదను.' ఇంతియే. పంతులుగారు దానిని బదునొకండుమాఱులు చదివెను. ఏమియు నడుగఁగూడదనుటలో దాఁచవలసిన దేదియో యుండవలెనుగదా యని యొకమాఱు తోఁచెను. అక్షరములు వణఁకలేదు గావునఁ బ్రక్కనుండి యెవ్వరో చెప్పి వ్రాయించిరేమో యని మఱియొకమాఱు తోఁచెను. వ్రాయవలసిన యొక్క మాటను వ్రాయుటకుఁ గలము ముంచి మూఁడుమాఱులు తుడిచివేసెను. వైద్యుఁడు కుడిమోకాటి వాతమునకుఁ గాగుబుగ్గ మంచిదనెను. అచ్చట నేకాంతముగా నాలోచించి యేకాదశిలోపల నుత్తరము వ్రాయుదునని నిశ్చయించుకొని బయలుదేఱెను. పనివానిని వెంటఁ దోడ్కొనిపోలేదు. తన యాలోచనలు వానికిఁ దెలియుట యిష్టము లేకపోయెను.

సత్రపు మణియము పాపరాజుగారు స్థూలకాయుఁడు, మృదుభాషి. ఆయన పంతులుగారికిఁ గాళ్ళకు నీళ్ళిప్పించి వెంట నెవ్వరైన వచ్చుచున్నారా యని యడిగెను. లేరని పంతులుగారు చెప్పిరి. రేపైనను రాఁగలరా యని మరల నడిగెను. రారనిరి. జాబు వ్రాసి యింటివారి నెవ్వరినైన రప్పించుకొనుట మంచిదేమో యని మూఁడవమాఱు మెల్లగా సూచించెను. ఒకే ప్రశ్నను ముమ్మాఱు వేయు వకీలు దేనినో పట్టఁజూచుచున్నాఁడని కోర్టులోని గోడలకుఁ గూడఁ దెలియును. పంతులుగారు గదిలోనికిఁ బోయి కిటికీసందునుండి చూచుచుండఁగాఁ బాపరాజుగారు వాకిలి యూడ్చుచున్నవానిని బిలిచి 'ఒంటివారట' అని మాత్రము చెప్పెను. వాఁడు చీపురు గోడకుఁ జేరవైచి వడివడిగా వీధిలోనికిఁ బోయెను. పంతులుగారు గడియ వేసికొని, వేసితినో లేదో యని మరల లేచి చూచుకొనిరి.

నాఁటి సాయంకాలమే యాయన యైదవ కుండమున మోకాళ్ళు ముంచి కూర్చుండఁగా నవతలిగట్టున నొక ముదుసలి కనఁబడెను. వానికి నఱువదియేండ్లుండును. గోఁచియు దలపాగయుఁ దప్ప వేఱు వస్త్రము లేదు. నోటఁ జుట్ట గలదు, వెలిగించుట లేదు. స్నానము చేయఁడు, ఎవ్వరితో మాటాడఁడు, ఊరక కూర్చుండును. పంతులుగారు లేవఁగా వాఁడును లేచెను. గుడికిఁ బోఁగా ధ్వజస్తంభమునొద్ద వాఁడుండెను. పాలకొట్టునొద్ద వాఁడుండెను. కొండకాలిబాటను షికారు బోఁగా వెనుక నిరువదిబారల దూరమున గులకఱాళ్ళ చప్పుడగుచుండెను. వెనుదిరిగి చూచినప్పు డెల్లను వాఁ డాకాశమునఁ గొంగలకొఱకు వెదకుచుండెను.

మూఁడుదినము లోపిక పట్టి నాలవనాఁడు పంతులుగారు వానికెదురుగాఁ బోయి నిలిచిరి.

"ఎవరు పంపారు నిన్ను?"

ముదుసలి చుట్టను జెవిపైఁ బెట్టుకొని చేతులు జోడించెను. "ఎవరూ పంపలేదండి బాబూ. ఊరికే కూకున్నానండి."

ఊరకే కూర్చుండితిననువాఁడు ముప్పదియేండ్లలో నొక్కఁడును నిర్దోషిగా బయటఁబడుట పంతులుగా రెఱుఁగరు. వాని సంగతి యూరివారి నడిగి తెలిసికొనఁ బూనిరి. పాలకొట్టు సూరమ్మ తానెఱుఁగననెను. ఎఱుఁగనన్న యామెయే క్షణముముందు వాఁడడుగకమున్నే వాని ముంతలోఁ జల్లఁ బోసియుండెను. అర్చకుఁడు వానిని నేఁడే చూచుచున్నాననెను. అర్చకుని మనుమరాలు వాని మెడపైఁ గూర్చుండి గుఱ్ఱపుస్వారి చేయుచుండెను. పాపరాజుగారు వానినిఁ దలనుండి పాదములవఱకుఁ బరిశీలించి యే యూరివాఁడో యని పెదవి విఱిచెను. ఒకఁ డబద్ధమాడుట మనుష్యస్వభావము. ఊరంతయు నొక్కటే యబద్ధమాడుట యెవ్వరో కూర్చిన కుట్ర. ఇది పంతులుగారి సిద్ధాంతము. అది యబద్ధమనుటలో నాయన పొరపడలేదు. ఊరివారందఱు నబద్ధమే యాడిరి.

కూర్చినవాఁ డెవ్వఁడు? దొంగలైనచో నిన్నిదినము లాఁగరు. ఆ రాత్రి యొంటిగా విచారించి విచారించి పంతులుగారు బావమఱఁది సోమయాజులను బట్టుకొనిరి. చెల్లెలు మనస్సు మార్చుకొని కాశికి రాననునేమో యని భయపడి, బావగారి నడవడిలో లోపములు వెదకి యామెకుఁ జూపుటకై యా ముదుసలిని వేగువానిగా నియోగించి యుండవలెను. సత్రపువాఁడును నర్చకుఁడును వానికిఁ దోడ్పడుచున్నారు. వర్ధనమ్మకుఁ దెలియకుండ నిది జరుగునా? జరుగదు. ఏమియు నడుగఁగూడదన్నది యిందులకే కాఁబోలును. శంక యొక్కటి మొలచినచో దానికిఁ గొమ్మలు మొలచుటకు వానలతోఁ బని లేదు. వేకువనే లేచి యాయన వర్ధనమ్మకు జాబు వ్రాసిరి. 'నీవును నీ యన్నయుఁ బంపిన వేగువాఁడు నాకుఁ జిక్కెను. నీ మాట నమ్మి మోసపోవువాఁడను గాను. కాశికే పొమ్ము.' వ్రాసి లక్క వేసి ముద్ర యొత్తిరి.

ఆ జాబు తపాలాపెట్టెలోఁ బడినచో వర్ధనమ్మ మరల రాదు. ఆ సంగతి వ్రాసిన చేతికే తెలియును. అందువలననో, సాక్ష్యము లేక తీర్పు చెప్పరాదను పాతయలవాటువలననో, వేగువానిని నేరము చేయుచుండఁగాఁ బట్టుకొన్న పిదపనే దానిని బంపుదునని పంతులుగారు నిలిపిరి. తన కాలోచన తోఁచినందులకుఁ దన్నుఁ దామే మెచ్చుకొనిరి.

ద్వాదశినాఁడు తూర్పు తెల్లఁబడుచుండఁగా సత్రము వెనుకతలుపునుండి వెడలి పంతులుగా రగ్నిగుండమునొద్దకు నెక్కిపోయిరి. మరగుచున్న యా నీటియొద్దకు నంత ప్రొద్దున నెవ్వరును రారు. ఆయన ధోవతియు నుత్తరీయమును జొక్కాయు విడిచి గుండము గట్టున మడచిపెట్టి వానిపై గొడుగును ముందు చెప్పులజోడును నుంచి, లక్కముద్ర కనఁబడునట్లు జాబును జొక్కాజేబులో సగము పైకి నిలిపి, తాము సంచిలోఁ దెచ్చుకొన్న పాత పంచ చుట్టుకొని యెదుటి మండపపు స్తంభము చాటున దాఁగిరి. వేగువాఁడు జాబును జూడక మానఁడు. చూచి యందుకొనక మానఁడు. అందుకొన్నప్పుడు చేయి పట్టుకొనవలెను. చలిలో మోకాలు పీఁకుచున్నను పంతులుగారికి దొరగారి తీర్పు వినఁబోవు వాదివలె నుత్సాహముగా నుండెను.

కొంతసేపటికి ముదుసలి రొప్పుచు వచ్చెను. సత్రమున గది తెఱచియుండుట చూచి పరుగెత్తివచ్చెనని వాని యూపిరియే చెప్పుచుండెను. గట్టుపైని బట్టలను జూచి నిలిచిపోయెను. ఇదిగో యిప్పుడని పంతులుగారు స్తంభమునుండి సగము తొంగిచూచిరి. వాఁడు జాబు వంకఁ జూడలేదు. చొక్కాను ముట్టలేదు. 'బాబూ' అని యొక్క కేక వైచి తలపాగ విసరివైచి యావిరులు గ్రమ్మియున్న మెట్లమీఁద నగ్నిగుండములోనికి దిగెను. మొదటిమెట్టున బిక్కలు మునిఁగెను. రెండవమెట్టున మోకాళ్ళు మునిఁగెను. అప్పుడు వంగి మోచేతులదాఁక నీట ముంచి దేనికొఱకో తడవఁ జొచ్చెను.

వాఁడు తనకొఱకే వెదకుచున్నాఁడని పంతులుగారికి దెలియుటకు నాలుగైదు క్షణములు పట్టెను. బట్టలక్రింద నేమి దాఁచినాఁడు, నీటిలో నేమి పడవైచినాఁడని యాయన మనస్సు ముందుగా నా త్రోవనే పోయెను. ఆ నాలుగైదు క్షణములకే యాయన పిదపఁ దన్నుఁ దాను క్షమించుకొనఁజాలరయ్యెను. 'నేనిక్కడ ఉన్నాను, పైకి రా' అని యఱచుచుఁ గుంటుచుఁ బరుగెత్తి వచ్చిరి. ముదుసలి తల యెత్తి చూచెను. వాని ముఖమునఁ గోపము లేదు. మునిఁగిపోయె ననుకొన్న మనుష్యుఁడు పొడిబట్టతో నిలిచియుండుట చూచి వాఁడు సంతోషించెను. ఆ సంతోషముతోడనే మెట్టుపైఁ గూలఁబడెను. పంతులుగారు చంకలక్రిందఁ జేతులు వైచి వానిని బైకి నీడ్చిరి.

ఊరివారు వచ్చి ముదుసలిని మోసికొనిపోయి వాని పాకలో నరఁటియాకులపైఁ బరుండఁబెట్టి సున్నపుతేటయుఁ గొబ్బరినూనెయుఁ గలియఁగొట్టి పూసిరి. కాళ్ళపైని జర్మము తొడుగువలె నూడివచ్చుచుండెను. పంతులుగారిని నిందించినవా రొక్కరును లేరు. నిందించియున్నచో నాయన ప్రత్యుత్తరము చెప్పఁగలిగెడివారు. ఎవ్వరు నేమియు ననకపోవుటచేఁ బాక వెలుపల నిలఁబడి వణఁకుచుండిరి. అప్పుడు పాపరాజుగా రాయనను బ్రక్కకుఁ బిలిచి కూర్చుండఁబెట్టి యూరి యాచారమును జెప్పెను.

పూర్వము జీవితముపై విసిగినవారు దేశదేశములనుండి కాగుబుగ్గకు నొంటిగా వచ్చి యెవ్వరును జూడని వేళ నగ్నిగుండమునఁ బడుచుండెడివారట. పడుటకు ముందు బట్టలు మడచి గట్టునఁ బెట్టెడివారట. గట్టుపై మడచిన బట్టలకుఁ గాగుబుగ్గలో నొక్కటే యర్థము. అందుచేతఁ దాతలనాఁడే యూరివారొక కట్టుబాటు చేసికొనిరి. ఒంటిగా వచ్చిన ప్రతిమనుష్యునకు నున్నన్నాళ్ళును నూరివాఁ డొకఁడు దూరమునఁ గూర్చుండి కనిపెట్టుకొని యుండవలెను. దానిని దరికాపందురు. వంతు వచ్చినవాఁ డా మనుష్యునినుండి నీళ్ళయినఁ బుచ్చుకొనఁగూడదు. తానెవ్వఁడో చెప్పఁగూడదు. ఊరివారును జెప్పఁగూడదు. గడచిన పున్నమినుండి యొక మాసము వంతు గంగులుది. ముదుసలి పే రదియే యని పంతులుగారికిఁ బ్రథమమున నప్పుడు తెలిసెను.

గంగులునకు మూఁడుదినములు జ్వరము కాచెను. పంతులుగారా పాక విడువలేదు. విసనకఱ్ఱతో నీఁగలు తోలుచు గంజి త్రాగించుచు నుండిరి. నాలవనాఁడు దీపావళి. ఆ యుదయమున జ్వరము దిగి గంగులు కనులు తెఱచి ప్రక్కనున్నవానిని గుర్తించి లేవఁబోఁగాఁ బంతులుగారు భుజము పట్టి యాఁపిరి. పిదప నడిగిరి.

"నేను చావడానికి వచ్చానని అనుకున్నావా గంగులూ?"

"లేదండి బాబూ. సచ్చేటోళ్ళు ఎనక్కి సూడరండి. తమరు అడుగడుక్కీ ఎనక్కే సూశారు. ఈ బాబుకి బతుకు మీద సానా ఆశుందని మొదటినాడే అనుకున్నానండి."

"మరి ఎందుకు దిగావు?"

"గట్టు మీద గుడ్డలు కనపడినాక ఇంక నా తెలివితో పనేముందండి."

పంతులుగారు తల వంచుకొనిరి. "ఆ రోజు అడిగినప్పుడే నిజం చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదు గదా."

"సెబితే కాపలా అనుకుంటారండి. కాపలా ఉందని తెలిసినోడు కళ్ళు గప్పే దారి ఎతుక్కుంటాడు. ఎవడో ఊరికే కూకున్నాడనుకుంటే, ఆడికీ కాస్త మనిషి తోడున్నట్టుంటదండి."

గంగులు మరల నిద్రపోయెను. పంతులుగారు విసనకఱ్ఱ పట్టుకొని యట్లే కూర్చుండిరి. ఇరువదియేడేండ్లు తన యింట నున్నది కాపలాయే గాని తోడు కాదని యాయనకు దెలియవచ్చెను. తెలిసి యేడ్చిరి. ఆ వయస్సున నేడ్చుట రాక దగ్గువచ్చినట్లుగా నేడ్చిరి.

లక్కముద్రతోఁ గూడ నా జాబును గంజి కాఁచు పొయ్యిలోఁ బెట్టి మఱియొకటి వ్రాసిరి. 'ఇఁక నిన్నేమియు నడుగను. నాఁడు వీధిలోఁ బెట్టె తెఱువుమన్నందులకు సిగ్గుపడుచున్నాను. ఈ యూర నొక మంచివానికి నావలనఁ గీడు జరిగినది. వాఁడు లేచి నడచునందాఁక నేను గదలను. నీవు కాశికిఁ బోయినను నాకు గోపము లేదు.' ఈ జాబును మరల చదువక తపాలాపెట్టెలో వైచిరి.

గంగులు వంతు కార్తీకపూర్ణిమవఱకుఁ గలదు. ఆ వంతు తాము చేయుదుమని పంతులుగారు పాపరాజుగారి నడిగిరి. ఆయన చాలసేపు సందేహించెను, సందేహించుట న్యాయమే. తుదకొప్పుకొనెను. పాడ్యమినాఁడు తునినుండి పొగాకువర్తకుఁ డొకఁ డొంటిగా వచ్చెను. పంతులుగారు గొడుగు క్రింద దూరముగాఁ గూర్చుండిరి. వాఁడు మూఁడవదినమున నెదురుగా వచ్చి నా సంచిపైఁ గన్ను వైచితివా, నిన్నుఁ బోలీసులకుఁ బట్టింతునని బెదరించెను. ఊరక కూర్చుంటినని శిరస్తాదారుగారు వినయముగాఁ జెప్పిరి. బుద్ధి యెఱిఁగినతఱువాత నాయన యిష్టపూర్వకముగా నాడిన మొదటి యబద్ధ మది. పదిమంది యెదుట దొంగ యనిపించుకొని సత్రమునకు వచ్చి యన్నము హితవుగా దినిరి.

వర్ధనమ్మయొద్దనుండి ప్రత్యుత్తరము రాలేదు. విదియ పోయెను, పంచమి పోయెను, అష్టమి పోయెను. ఆయన తపాలాబంట్రోతును జూచి తల త్రిప్పుకొనుట నేర్చుకొనిరి. జాబు చేరలేదేమో, సోమయాజులు దాఁచెనేమో యని మనస్సు పాతదారిని బట్టఁబోవును. గంగులు కాళ్ళకుఁ గట్లు మార్చు వేళ యయ్యెనని లేచిపోవుదురు.

దశమినాఁటి సాయంకాలమున సత్రము ముంగిట బండి నిలిచెను. దానినుండి వర్ధనమ్మ దిగెను. మూఁడేండ్లలో నామె చెంపలు నెఱసినవి. పాపరాజుగారు వెంట నెవ్వరైన నున్నారా యని యడుగఁగా నొక్కదాననే యని చెప్పుచుండెను. అప్పుడే పాకనుండి వచ్చుచున్న పంతులుగారు నాలుగడుగుల దూరమున నిలిచిపోయిరి. ఆమె యాయనను జూచి కొంగున ముడివైచిన జాబును విప్పి చేతఁ బట్టుకొనెను.

"ఇది మీరే రాశారా?"

"నేనే."

"ఎవరు చెబితే రాశారు?"

"ఎవరూ చెప్పలేదు."

"సాక్ష్యం ఉందా?"

శిరస్తాదారుతో నిరువదియేడేండ్లు కాపురము చేసిన యామె యే మాట యెచ్చట నడుగవలెనో యెఱుఁగును. పంతులుగా రామెను గంగులు పాకకుఁ దోడ్కొనిపోఁగలరు, పాపరాజుగారిచేఁ జెప్పింపఁగలరు. ఆ తలంపే రాలేదు.

"లేదు," అనిరి.

వర్ధనమ్మ సత్రపుటరుగుపైఁ గూర్చుండెను. ఆయన యదే యరుగున నావలికొనఁ గూర్చుండిరి. ఎవరితో వచ్చితివి, అన్న యొప్పుకొనెనా, జాబు వ్రాసి పదిదినములైనఁ బ్రత్యుత్తర మేల వ్రాయవైతివి, ఇచ్చట నుందువా పోవుదువా. ప్రశ్న లొకదాని వెంట నొకటి గొంతుదాఁక వచ్చెను. గోదావరిలో దిగువకుఁ బోవు లాంచి ద్వాదశికిఁ గాని లేదు. అన్న కాశికి బయలుదేఱు నేకాదశికిఁ బిఠాపురము చేరుట యెవ్వరితరమును గాదు. ఆ సంగతి కొన్నిగంటలక్రిందట లాంచి దిగిన యామెకుఁ దెలియకుండునా యనియు నడుగఁదలఁచిరి. అన్నిటిని మ్రింగిరి. మ్రింగుటచే నాయన కంఠమణి పైకిని గ్రిందికిని గదలుట వర్ధనమ్మ చూచెను. ఆ కంఠము ప్రశ్న లేక యట్లు గదలుట యామె యెన్నఁడును జూచి యెఱుఁగదు.

గుడిలో సాయంకాలపు హారతి జరిగెను. స్నానములు ముగించుకొన్నవా రిండ్లకుఁ బోయిరి. అరుగుపై నిరువు రట్లే యుండిరి. అప్పు డామె వీధి వంకఁ జూచుచు నెవ్వరు నడుగకయే పలికెను.

"అమ్మ పోయేముందు మాట మీ గురించే. నా కర్మలు అన్నయ్య చూసుకుంటాడు, నువ్వు త్వరగా వెళ్ళిపో, అతను ఎవర్నీ నమ్మడు, నువ్వు లేకపోతే అతనికి ఎవరూ లేరు, అంది. పన్నెండో రోజు దాకా ఉండమని అందరూ బతిమాలారు. నేను అయిదో రోజే బయల్దేరాను. దారంతా ఏడుస్తూ వచ్చాను. ఆ మాట మీకు చెబుదామనే గుమ్మం దాకా వచ్చాను."

ముప్పదియేండ్లు సాక్షుల నోళ్ళు తెఱపించినవానికి నోరు మూసికొని కూర్చున్న యొక్క సాయంకాలమున దొరకిన సాక్ష్య మది. అది యిన్నాళ్ళును దన గుమ్మమునొద్దనే నిలఁబడి యుండెను. లోపలికి రమ్మనక తానే పెట్టె తెఱువుమనెను. మనుష్యులు నిజమును దాఁచుటచేతఁ గంటె మనము దానిని జెప్పనీయకుండుటచేతనే లోకమున నెక్కువ నిజము నశించుచున్నది. అరుగు నడుమ మూఁడుబారల యెడ ముండెను. కొంతసేపటికి వర్ధనమ్మ చలివేయుచున్నదని చెప్పి, లేచి వచ్చి యాయన ప్రక్కఁ గూర్చుండెను.